జాకెట్టు ఒకవైపు కుదరడం లేదా? ముందు ఎముకను చూపించండి

రెండు వారాల క్రితం ఒక తల్లి ఉత్తరం రాసింది. కింద పేరు లేదు, ఊరు లేదు. చాలాసేపు ఆలోచించి, కొట్టేసి, మళ్లీ రాసినట్టు కనిపిస్తూనే ఉంది.

"డాక్టరమ్మగారూ, మా అమ్మాయికి 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కుడివైపు రొమ్ము సరిగా ఎదగలేదు. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకే తెలియదు. జాకెట్టు కొలతలు తీసుకుంటూ టైలరమ్మ చెప్పింది. మేము సంబంధాలు చూస్తున్నాం. ఆపరేషన్ చేయిస్తే ఎవరికీ తెలియకుండా సరిపోతుందా? పెళ్లివారికి చెప్పాలా, వద్దా? మా ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు."

కన్నతల్లికి తెలియకపోవడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. నాకు ఆశ్చర్యం లేదు. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్ల తలుపు గడియ వేసుకుని స్నానం చేస్తుంది. పైట సర్దుకోవడం, పుస్తకాలు గుండెలకు హత్తుకుని నడవడం, చున్నీ రెండువైపులా పిన్నులు పెట్టుకోవడం దానంతట అదే నేర్చుకుంటుంది. ఈ లోపాన్ని ఇంట్లోవాళ్ల కంటే ముందు పసిగట్టేది చాలాసార్లు టైలరమ్మే.

"దగ్గరలో ఉన్న డాక్టరుకు చూపించండి" అని ఒక్క ముక్కలో జవాబు రాసి ఊరుకోవచ్చు. కాని దగ్గరలో ఉన్న డాక్టరుకు చూపించినంత మాత్రాన పని జరుగుతుందని నమ్మకం లేదు. ఆ దగ్గరలో ఉన్న డాక్టర్ని ఒకప్పుడు నేనే. అందుకని ఈ వారం కొంచెం విపులంగానే రాస్తున్నాను.

మూడు నిమిషాల వైద్యం

1998వ సంవత్సరం. గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నం. ప్రభుత్వాసుపత్రిలో చేరి నాకు రెండేళ్లయింది. సోమవారం వచ్చిందంటే ఓ.పి. చీట్లు నూట యాభై దాటేవి. ఒక తల్లి తన కూతుర్ని తీసుకువచ్చింది. పిల్లకు 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. ఒకవైపు ఎద చిన్నదిగా ఉందట. రెండో మాట తల్లి నా చెవి దగ్గరకు వంగి చెప్పింది.

నేను కనురెప్ప లాగి చూశాను. కొంచెం పాలిపోయి ఉంది. ఓణీ మీంచే స్టెతస్కోపు పెట్టి విన్నాను. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశాను. రెండో సంగతికి నవ్వి, "రెండూ సమానంగా ఎవరికీ ఉండవమ్మా. పెళ్లయి ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. తల్లి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. పిల్ల మాట్లాడలేదు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టి ఉంటుంది.

నేను అన్న మాటలో సగం నిజమే. ఏ స్త్రీకీ రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. కాని మిగతా సగం కోసం నేను చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. నర్సును పక్కన ఉంచుకుని, తెర లాగి, జాకెట్టు విప్పించి, ఛాతీని కళ్లతో చూడడం. అది చెయ్యలేదు.

2009లో నేను జిల్లా ఆసుపత్రిలో ఉన్నాను. 28 ఏళ్ల స్కూలు టీచరు ఒకామె వచ్చింది. పెళ్లయింది, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. రెండేళ్ల క్రితం నగరంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండు రొమ్ముల్లోనూ సిలికోన్ ఇంప్లాంట్లు పెట్టించుకుంది. పెట్టినప్పటి నుంచీ ఆమెకు సుఖం లేదు. కుడివైపు రాయిలా గట్టిపడింది.

ఈసారి జాకెట్టు విప్పించి చూశాను. ఛాతీ నడుమ గుంట ఉంది. అందులో నిమ్మకాయ పెడితే కదలకుండా నిలబడుతుంది. కుడిపక్క పక్కటెముకలు ఆ గుంటలోకి వాలిపోయి ఉన్నాయి. రెండు ఇంప్లాంట్లూ ఆ వాలు మీద జారి, ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉన్నాయి. ఏటవాలు నేల మీద రెండు కుండలు పెడితే ఎలా ఉంటుందో అలా.

"ఆపరేషన్‌కు ముందు మీకు ఎవరూ స్కాన్ తీయలేదా అమ్మా?" అని అడిగాను.

"లేదు మేడమ్. ఏ సైజు కావాలని మాత్రం అడిగారు."

"చిన్నప్పుడు ఎవరైనా డాక్టరుకు చూపించారా?"

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "మీకే చూపించాం మేడమ్. ఐరన్ మాత్రలు రాశారు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని నాకు ఆ రాత్రి అనిపించింది.

రొమ్ము కింద ఏముంది?

రొమ్ము అనేది పాలగ్రంథులు, కొవ్వు కలిసిన మెత్తని భాగం. దానికి సొంతంగా ఎముక లేదు. కింద ఛాతీ కండరం, దాని కింద పక్కటెముకలు, నడుమ రొమ్ము ఎముక ఉంటాయి. ఇదంతా కలిపి ఛాతీ గోడ అంటాం. గోడ వంకరగా ఉంటే దాని మీద వేలాడదీసిన పటం కూడా వంకరగానే కనిపిస్తుంది. అప్పుడు పటం మార్చి ప్రయోజనం లేదు.

ఛాతీ గోడ మామూలుగానే ఉండి, రొమ్ములు మాత్రమే హెచ్చుతగ్గులుగా పెరిగేవారే ఎక్కువమంది. వారి సంగతి వేరు. గోడలోనే తేడా ఉన్నవారిలో ముఖ్యంగా మూడు రకాలు చెబుతాను.

మొదటిది లోతు ఛాతీ. పక్కటెముకల చివర ఉండే మృదులాస్థి సరిగా పెరగక, రొమ్ము ఎముక లోపలికి కుంగుతుంది. మూడు, నాలుగు వందల మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. మగపిల్లల్లోనే ఎక్కువ. వాళ్లు చొక్కా విప్పి తిరుగుతారు గనుక బయటపడుతుంది. ఆడపిల్లల్లో రొమ్ములు పెరిగే వయసులో గుంట వాటి మధ్య దాగిపోతుంది. చాలామందిలో కుడివైపు ఎక్కువగా కుంగుతుంది. దానితో కుడి రొమ్ము చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి అది చిన్నది కాకపోవచ్చు, వెనక్కి వెళ్లి ఉండవచ్చు. గుంట బాగా లోతుగా ఉంటే గుండె కుడిభాగం నొక్కుకుపోయి, శ్రమ చేసినప్పుడు ఆయాసం రావచ్చు. 1998లో ఆ పిల్ల చెప్పిన రెండు బాధలకూ మూలం ఒక్కటే. నేను రెండుగా విన్నాను.

రెండోది ఛాతీ కండరం లేకపోవడం. 1841లో లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో ఆల్‌ఫ్రెడ్ పోలండ్ అనే వైద్యవిద్యార్థి ఒక శవాన్ని పరీక్షిస్తూ, ఒకవైపు ఛాతీ కండరాలు లేకపోవడం గమనించి రాసిపెట్టాడు. అందుకే దీన్ని పోలండ్ సిండ్రోమ్ అంటారు. ఆ దేశానికీ దీనికీ సంబంధం లేదు. ఇది అరుదు. సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు. ఒకవైపు పెద్ద ఛాతీ కండరంలో కొంత భాగం పుట్టుకతోనే ఉండదు. ఆ వైపు రొమ్ము, చనుమొన చిన్నవిగా ఉంటాయి, ఒక్కోసారి రొమ్ము అసలే ఉండదు. కొందరికి అదే వైపు చేతివేళ్లు పొట్టిగా, లేదా అతుక్కుని ఉంటాయి. కొందరికి పక్కటెముకల్లో కూడా లోపం ఉంటుంది.

మూడోది వెన్నెముక పక్కకు వంగి మెలి తిరగడం. వెన్నెముక తిరిగితే దానికి అంటుకున్న పక్కటెముకలూ తిరుగుతాయి. ఒకవైపు ముందుకు పొడుచుకొస్తాయి, మరోవైపు వెనక్కి పోతాయి. చూసేవాళ్లకు రొమ్ముల్లో తేడా కనిపిస్తుంది, అసలు తేడా వీపులో ఉంటుంది.

ఇక్కడ తల్లులకు ఒక మాట. గ్రహణం రోజున కత్తిపీట పట్టుకున్నానని, కడుపుతో ఉండగా ఫలానాది తిన్నానని ఏడ్చే తల్లుల్ని ఎంతోమందిని చూశాను. ఈ లోపాలకూ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. లోతు ఛాతీ కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. పోలండ్ సిండ్రోమ్ ఎక్కువగా ఒక్కరికే వచ్చి ఆగిపోతుంది. గర్భం ఆరో వారం ప్రాంతంలో ఆ భాగానికి రక్తప్రసారం సరిగా అందకపోవడం కారణమని అనుకుంటున్నారు. ఆరో వారానికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు. ఇక తప్పెక్కడిది?

ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

ఇది అమ్మాయి తానే, గది తలుపు వేసుకుని, అద్దం ముందు చూసుకోవచ్చు. ఆమెకు ఇష్టమైతే తల్లి పక్కన ఉండవచ్చు.

వెల్లకిలా పడుకుని ఛాతీ నడుమ చేత్తో తడిమి చూడాలి. గుంట తగులుతోందా? పక్కటెముకలు రెండువైపులా ఒకే ఎత్తున ఉన్నాయా?

నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టి గట్టిగా లోపలికి నొక్కాలి. చంక ముందువైపు కండ తాడులా బిగుసుకుంటుంది. రెండువైపులా బిగుసుకోవాలి. ఒకవైపు ఆ తాడు లేకపోతే డాక్టరుకు ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి వేళ్ల పొడవు కూడా చూసుకోవాలి.

మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే, వెనక నిలబడిన తల్లికి వీపు కనిపిస్తుంది. ఒక పక్క ఎత్తుగా లేస్తే వెన్నెముక సంగతి చూడాలి.

మనిషి బాగా పొడుగ్గా, చేతులూ వేళ్లూ మరీ సన్నగా పొడుగ్గా ఉండి, ఛాతీలో గుంట కూడా ఉంటే గుండెకు ఎకో పరీక్ష తప్పనిసరి. మార్ఫాన్ సిండ్రోమ్ అనే మరో వ్యాధిలో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉండవచ్చు.

ఇంకో హెచ్చరిక. నేను చెప్పేదంతా ఎదిగే వయసు నుంచీ ఉన్న తేడా గురించి. ఇన్నాళ్లూ బాగుండి, కొత్తగా ఒక రొమ్ము ఆకారం మారినా, గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా అది వేరే సంగతి. ఆ వారమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏది ముందు? ఏది తర్వాత?

డాక్టరు కళ్లతో చూశాక, అవసరమైతే ఛాతీకి సి.టి. స్కాన్, గుండెకు ఎకో, ఊపిరితిత్తుల శక్తి పరీక్ష చేయిస్తారు. స్కాన్‌లో ఛాతీ లోపలి వెడల్పును, రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ఉన్న దూరంతో భాగిస్తారు. మామూలు మనిషికి ఇది సుమారు 2.5 ఉంటుంది. 3.25 దాటితే గుంట లోతైనదే అని లెక్క. మా టీచరమ్మకు 4 దాటింది. ఎకోలో గుండె కుడిభాగం నొక్కుకుపోయి కనిపించింది.

అలాంటివారికి ముందు ఎముకను లేపాలి, రొమ్ము సంగతి తర్వాత. మృదులాస్థిని కొంత తీసి రొమ్ము ఎముకను సరిచేసే ఆపరేషన్‌ను అమెరికాలో రావిచ్ అనే సర్జన్ 1949లో ప్రచురించాడు. పక్కల నుంచి చిన్న కోతలతో వంచిన లోహపు కడ్డీ దూర్చి, ఎముకను ముందుకు నెట్టి, రెండు మూడేళ్ల తర్వాత కడ్డీ తీసేసే పద్ధతిని డొనాల్డ్ నస్ అనే సర్జన్ 1987లో మొదలుపెట్టి 1998లో ప్రకటించాడు. నేను ఐరన్ మాత్రలు రాసిన సంవత్సరమే అది. మృదులాస్థి లేతగా ఉండే కౌమార వయసులో కడ్డీ పద్ధతి బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకూ చేస్తారు, కాని నొప్పి ఎక్కువ, కోలుకోవడం ఆలస్యం. ఎముక లేచాక చాలామంది ఆడపిల్లల్లో రొమ్ములు వాటంతట అవే చక్కబడినట్టు కనిపిస్తాయి. ఇక రొమ్ముకు ఆపరేషన్ అక్కర్లేకుండానే పోవచ్చు.

గుంట ఎక్కువ లోతు లేక, గుండెకూ ఊపిరితిత్తులకూ ఏ ఇబ్బందీ లేదని తేలితే అప్పుడు అందం కోసం చేసే పద్ధతుల గురించి ఆలోచించవచ్చు. అదీ 18 ఏళ్లు నిండి, ఎదుగుదల ఆగాకే. అంతవరకూ లోపల మెత్త ఉన్న బ్రా, లేదా ఒకవైపు పెట్టుకునే సిలికోన్ మెత్త వాడితే సరిపోతుంది. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. కళ్లజోడు పెట్టుకోవడం లాంటిదే. రొమ్ము పెంచుతామని అమ్మే నూనెలు, మాత్రలు, పంపుల మీద రూపాయి ఖర్చుపెట్టకండి. ఏ నూనే లేని కండరాన్ని మొలిపించదు. వ్యాయామం వల్ల వీపు నిటారుగా నిలబడుతుంది, దమ్ము పెరుగుతుంది. ఎముక మాత్రం లేవదు.

ఆపరేషన్ ఏమిస్తుంది? ఏమివ్వదు?

సిలికోన్ జెల్ ఇంప్లాంట్‌ను మొదట 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక స్త్రీకి అమర్చారు. ఈ అరవై ఏళ్లలో చాలా మార్పులు వచ్చాయి. అయినా అది జీవితాంతం ఉండే వస్తువు కాదు. శరీరం దాని చుట్టూ ఒక పొర కడుతుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుని రాయిలా అవుతుంది. సంచి చిట్లవచ్చు, పక్కకు జరగవచ్చు. పెట్టించుకున్నవారిలో సుమారు అయిదుగురికి ఒకరు పదేళ్లలోపు తీయించుకోవలసి వస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. అయిదారేళ్లకు ఒకసారి, ఆపైన రెండు మూడేళ్లకొకసారి స్కాన్ చేయించుకోమని కూడా ఆ సంస్థ సలహా. గరుకు పైపొర ఉన్న కొన్ని రకాల చుట్టూ అరుదైన ఒక క్యాన్సర్ వస్తున్నట్టు తేలడంతో 2019లో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఏ రకం పెడుతున్నారో కాగితం మీద రాయించుకుని, ఆ కార్డు దాచుకోవాలి.

ఛాతీ గోడలో తేడా ఉన్నవారికి రెండువైపులా ఒకే సైజు ఇంప్లాంట్ పెడితే, ఉన్న తేడా పోదు, పెద్దదై కనిపిస్తుంది. టీచరమ్మ విషయంలో జరిగింది అదే. స్కాన్ కొలతలను బట్టి రెండువైపులా వేరు వేరు సైజులు ఎంచుకోవాలి. గుంట వరకు స్కాన్‌ను బట్టి గట్టి సిలికోన్ దిమ్మె తయారుచేయించి కండరం కింద అమర్చే పద్ధతి కూడా ఉంది. ఇది గుంటను పైకి పూడుస్తుందే కాని గుండె మీద ఒత్తిడి తగ్గించదు.

పోలండ్ సిండ్రోమ్‌లో కప్పడానికి కండరమే లేదు. అందుకని వీపులోని వెడల్పాటి కండరాన్ని రక్తనాళంతో సహా చంక కిందుగా ముందుకు తిప్పి అమరుస్తారు. దానితో చంక ముందు మడత వస్తుంది, ఇంప్లాంట్‌కు కప్పు దొరుకుతుంది. వీపు మీద మచ్చ ఉండిపోతుంది. చర్మం బిగుతుగా ఉంటే ముందుగా ఒక సంచి పెట్టి కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా ఉప్పునీరు ఎక్కిస్తూ సాగదీస్తారు. పొట్ట, తొడల నుంచి కొవ్వు తీసి ఎక్కించే పద్ధతీ ఉంది. ఎక్కించినదాంట్లో కొంత కరిగిపోతుంది గనుక ఒకటికి రెండు మూడుసార్లు చెయ్యవలసి రావచ్చు.

ఏ పద్ధతిలోనైనా రెండువైపులా సరిసమానం కావు, దగ్గరగా వస్తాయి. మచ్చ లేని ఆపరేషన్ లేదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా దానికి సమానమైన అర్హత ఉన్నవారి దగ్గరే చేయించుకోవాలి. మన పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, అంటే హైదరాబాదు ఉస్మానియా, విశాఖ కింగ్ జార్జి లాంటి చోట్ల, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. డబ్బు కట్టే ముందు అక్కడ ఒక సలహా తీసుకుంటే పోయేదేమీ లేదు. కేవలం అందం కోసమైతే బీమా సాధారణంగా వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపమైతే ఏమిస్తారో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

పిల్లలకు పాలివ్వడం గురించి అందరూ అడుగుతారు. లోతు ఛాతీ వల్ల పాలకు ఏ ఆటంకమూ లేదు. పోలండ్ సిండ్రోమ్‌లో ఆ వైపు పాలు తక్కువ కావచ్చు, లేకపోవచ్చు. రెండో వైపు ఉన్నది ఒక బిడ్డకు సరిపోతుంది. ఆపరేషన్ చేయించుకునేవారు మాత్రం చనుమొన చుట్టూ కోత పెడతారా అని అడగాలి. అక్కడ కోస్తే పాలనాళాలు తెగే అవకాశం ఎక్కువ.

గదిలో ఒంటరిగా

ఆరేడేళ్ల క్రితం ఇంకో తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురికి 20 ఏళ్లు. తల్లి గడగడా మాట్లాడేస్తోంది. "వచ్చే మాఘమాసంలో ముహూర్తం అనుకుంటున్నాం డాక్టరమ్మగారూ. ఈలోపే ఆపరేషన్ అయిపోవాలి." పిల్ల కుడిచేతి మీద రుమాలు కప్పుకుని కూర్చుంది. అది తీయమంటే తీసింది. మధ్య మూడు వేళ్లూ ఎడమచేతి వాటికంటే పొట్టి. చేతులు నడుం మీద పెట్టించి చూస్తే కుడి చంక ముందు తాడు లేదు. చాలా ఇళ్లలో ఈ రెంటినీ కలిపి చూడరు. వేలు సంగతి వేలుకే, ఎద సంగతి ఎదకే.

తల్లిని కాసేపు బయట కూర్చోమన్నాను. ఆవిడకు నచ్చలేదు, అయినా వెళ్లింది. నర్సు ఉంది, నేనున్నాను, పిల్ల ఉంది.

"నీకు కావాలా అమ్మా ఈ ఆపరేషన్?" అన్నాను.

చాలాసేపు తల వంచుకునే ఉంది. తర్వాత మెల్లగా అంది: "కావాలి మేడమ్. కాని పెళ్లి కోసం కాదు. హాస్టల్లో అందరి ముందూ చీర మార్చుకోవాలని ఉంది. పెళ్లికైతే ఇప్పుడే వద్దు. నన్ను చదువుకోనిమ్మని అమ్మకు మీరు చెప్పండి."

ఆమె అడిగింది రెండు సంగతులు. నేను ఒక్కదానికే డాక్టర్ని. అయినా రెండూ తల్లికి చెప్పాను. ముహూర్తం వాయిదా పడింది. ఆ పిల్ల పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్‌తో మూడుసార్లు మాట్లాడింది. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరాక వీపు కండరంతో ఆపరేషన్ చేయించుకుంది. తర్వాత నన్ను చూడడానికి వచ్చినప్పుడు, "రెండూ ఒకేలా లేవు మేడమ్. కాని ఇప్పుడు అద్దంలో చూసుకుంటున్నాను" అంది. రుమాలు మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

మరి టీచరమ్మ? ముందు ఇంప్లాంట్లు తీయించుకుంది. ఏడాది తర్వాత గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ దగ్గర ఎముక సరిచేయించుకుంది. మూడు నెలలు సెలవు పెట్టింది, చాలా నొప్పి భరించింది. ఆయాసం బాగా తగ్గింది. మళ్లీ ఇంప్లాంట్లు పెడతామంటే "ఇక చాలు మేడమ్" అంది. 17 ఏళ్లకు తేలికగా అయ్యే పని ఆమెకు 29 ఏళ్లకు, రెండు ఆపరేషన్లయ్యాక అయింది. ఈ లెక్కలో మూడు నిమిషాలు నావి.

చెప్పాలా, వద్దా?

ఉత్తరం రాసిన తల్లీ, ఇక మీ ప్రశ్నలకు వస్తాను.

"ఎవరికీ తెలియకుండా సరిపోతుందా" అన్నారు. సరిపోదు. మచ్చ ఉంటుంది. సిలికోన్ ఉంటే స్కాన్లు, కార్డు, ఎప్పుడో ఒకనాడు మరో ఆపరేషన్ ఉంటాయి. మొగుడికి తెలియకుండా దాచగలిగే వస్తువు కాదది. దాచడం కోసం చేయించే ఆపరేషన్ దాచడానికే పనికిరాదు.

"పెళ్లివారికి చెప్పాలా" అన్నారు. పెళ్లివారంటే ఎవరు? మేనత్తలూ, మధ్యవర్తులూ, పిన్నత్తగార్లూ అయితే వాళ్లకెందుకు? ఇది అంటువ్యాధి కాదు, సంసారానికి పనికిరాని లోపం కాదు. కాని పెళ్లిచేసుకోబోయే అబ్బాయికి తెలియాలి. అది మీ అమ్మాయి నోటితో, ఆమె ఎంచుకున్న మాటల్లో తెలియాలి. విని వెనక్కి తగ్గేవాడు పెళ్లయ్యాక చూసి ఏమవుతాడో ఊహించుకోండి. ఇది డాక్టరుగా కాదు, ఇద్దరు ఆడపిల్లల తల్లిగా చెబుతున్నాను. మీకు వేరే అభిప్రాయం ఉండవచ్చు.

మీ వారికి చెప్పండి. ఈ భారం మీరు ఒక్కరే మోయనక్కర్లేదు.

ఆ తర్వాత అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. స్టెతస్కోపు జాకెట్టు మీంచి పెట్టి పంపించేస్తుంటే లేవకండి. "ఛాతీ విప్పి చూడండి, ఎముక సరిగా ఉందేమో చెప్పండి" అని అడగండి. డాక్టరు విసుక్కున్నా సరే. ఆ మాట 1998లో ఆ తల్లి నన్ను అడిగి ఉంటే నేనూ విసుక్కునేదాన్నే, కాని చూసేదాన్ని.

పరీక్ష అయ్యాక మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయికి ఏం కావాలో ఆ అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది.